కాలి మీద నాలుగు పిన్నులు, ఒక రాడ్డు

గాజువాక దగ్గర బైకు జారి కుడి మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. గాయంలో మట్టి ఉండడంతో లోపల ప్లేటు వెయ్యకుండా బయట ఫిక్సేటర్ బిగించారు, అంటే ఎముకని కాలి బయటి నుంచి కదలకుండా పట్టి ఉంచే చట్రం. విరుపుకి పైన రెండు, కింద రెండు 5 మి.మీ. షాంజ్ పిన్నులు (ఎముకలోకి మరలా దిగేవి), వాటిని రాడ్డుకి పట్టి ఉంచే నాలుగు క్లాంపులు, ఒక రాడ్డు.

చూసేవాళ్ల కళ్లన్నీ రాడ్డు మీదే. బలమంతా ఉన్నది పిన్నుల్లో. పిన్ను మందం 4 నుంచి 5 మి.మీ.కి పెరిగితే అది వంగకుండా నిలిచే శక్తి దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అలాగని ఇంకా లావువి దించలేరు, ఎముక అడ్డుకొలతలో మూడో వంతు దాటితే కన్నం దగ్గరే ఎముక విరగొచ్చు. ఒక్కో ముక్కలో ఒక పిన్ను విరుపుకి దగ్గరగా, రెండోది వీలైనంత దూరంగా ఉండాలి. రెండూ పక్కపక్కనే ఉంటే ముక్క ఊగుతుంది. వాపుకి రెండు వేళ్ల సందు వదిలి రాడ్డుని చర్మానికి దగ్గరగా పెట్టాలి. ఎముకకీ రాడ్డుకీ మధ్య పిన్ను పొడవు సగమైతే, అదే బరువుకి పిన్ను వంగేది ఎనిమిదో వంతే.

నా ఇబ్బంది అక్కడే మొదలైంది. వాపు మీద బిగించారు కాబట్టి, వాపు తీశాక నాలుగు వేళ్ల సందు మిగిలింది. వాకర్ పట్టుకుని కాలు ఆనిస్తే చీలమండ పైనున్న పిన్ను దగ్గర జివ్వుమనేది. మూడో వారానికి అక్కడ చర్మం ఎర్రబడి పలచటి రసి ఊరింది. విశాఖ ఉక్కకి చెమట పట్టి అలా అయిందనుకున్నాం. డాక్టరుగారు పిన్నుని రెండు వేళ్లతో కదిపి, "పిన్ను గట్టిగానే ఉందండీ, క్లాంపు నట్టు వదిలింది" అన్నారు. ముందు చర్మానికి దగ్గరగా రెండో రాడ్డు బిగించి, ఆ తర్వాతే పాతదాని నట్టు ముట్టుకున్నారు. ఈ వరస తప్పితే ఎముక పక్కకి జరుగుతుంది. పిన్ను కదిలితే చర్మం రాసుకుని రసి వస్తుంది, రసితో క్రిములు దిగుతాయి, అవి ఎముకని తింటే పిన్ను పట్టు పోయి ఇంకా కదులుతుంది. అందుకే రసి కనిపిస్తే యాంటీబయాటిక్‌తో పాటు నట్లు కూడా చూడమని అడగండి.

ఇంట్లో రోజుకోసారి సెలైన్‌లో తడిపిన గాజు గుడ్డతో (కట్లు కట్టే పల్చటి గుడ్డ) తుడిచేవాళ్లం, ఒక్కో పిన్నుకి వేరే ముక్క. దూది వద్దు, పోగులు అంటుకుంటాయి. అమ్మ ప్రతి క్లాంపు అంచు నుంచి రాడ్డు మీదికి నెయిల్ పాలిష్‌తో గీత గీసింది. గీత రెండుగా విడిపోయిందంటే క్లాంపు జారినట్టే. అప్పుడు కూడా స్పానర్ పట్టకూడదు, ఎముక వంకర మీదే బిగిసిపోతుంది.

ఎక్స్‌రేలో మూడు వైపులా కొత్త ఎముక కలిశాక రాడ్లు తీసి, పిన్నులు ఉంచి నడిపించి చూశారు. నొప్పి లేకపోవడంతో పిన్నులూ తీసేశారు. కన్నాలు ఎముకతో నిండే దాకా ఆర్కే బీచ్‌లో ఇసకలోకి దిగలేదు, చేతికర్రతో రోడ్డు పక్కనే నడిచాను.