ఎనిమిదిన్నర

శుక్రవారం ఆఖరి పీరియడ్ లెక్కలు. ఏ బడిలోనైనా ఆ వేళకి పిల్లల చెవులు గంట మీదే ఉంటాయి. మా తొమ్మిదో తరగతిలో మాత్రం ఈ వారం ఉప్మా రవ్వ తెచ్చే వంతు ఎవరిదా అని చూసుకునేవాళ్లం. పిడికెడు రవ్వని నీళ్లతో ముద్ద చేసి, మాస్టారు తన మృదంగం ఎడమ మూతకి అంటించేవారు. అది లేకపోతే ఆ వైపు బరువుగా పలకదు. క్లాసయ్యాక దాన్ని గీకి తీసేసే పని కూడా మాదే. ఒకసారి నేను మర్చిపోయి గోధుమపిండి పట్టుకెళితే, "ఏటిరా, చపాతీలు చేద్దామా" అన్నారు.

మాస్టారు రోజూ విజయనగరం నుంచి బస్సులో వచ్చేవారు. అక్కడి సంగీత కళాశాలలో సాయంత్రాలు మృదంగం నేర్చుకున్నారు. 1919లో మొదలైన కళాశాల అది, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ఆ మాట చెప్పేటప్పుడు మాస్టారి వీపు కాస్త నిటారుగా అయ్యేది. కచేరీలు మాత్రం చెయ్యలేదు. ఎందుకని అడిగితే, "నా వేళ్లకి లెక్క తెలుసు గానీ స్పీడు లేదురా" అనేవారు.

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పాఠం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది. సగం క్లాసు ఆదితాళం వెయ్యాలి. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన రెండుసార్లు దెబ్బ-విసురు. మొత్తం ఎనిమిది. మిగతా సగం "తకిట తకధిమి" అంటూ ఏడు లెక్కన నోటితో చెప్పుకుంటూ పోవాలి. రెండు జట్లూ ఒకేసారి మొదలుపెట్టి, మళ్లీ ఎక్కడ కలుస్తాయో చూడాలి. మొదటి రెండు వారాలూ గోల తప్ప ఏమీ లేదు. మూడో వారం, తాళం వేసేవాళ్లు ఏడు ఆవర్తాలు (చుట్లు), నోటితో చెప్పేవాళ్లు ఎనిమిది సార్లు పూర్తిచేసేసరికి, 56 దగ్గర అందరం ఒక్కసారిగా సమం మీద, అంటే తాళం మొదలయ్యే దెబ్బ మీద పడ్డాం. మాస్టారు ఆ దెబ్బ మృదంగం మీద గట్టిగా కొట్టారు. నాకు ఒళ్లు జలదరించింది.

వెంటనే ఏడు తీసేసి "తకధిమి తక" ఇచ్చారు. అంటే ఆరు. ఆరెనిమిదులు నలభై ఎనిమిది కదా అని అందరం ధీమాగా ఉన్నాం. 24కే సమం వచ్చేసింది! మేం అలా చూస్తుండగా ఆయన నవ్వుతూ సుద్దముక్క తీసి, ఆరులోనూ ఎనిమిదిలోనూ ఉన్న రెండుకి గుండ్రాలు చుట్టారు.

సంగీతం కలిపితే లెక్కలు సులువైపోతాయని మాస్టారు ఎప్పుడూ అనలేదు. అయిపోవు కూడా. జామెట్రీకి మృదంగం పనికిరాలేదు, అది సుద్దముక్కతోనే నడిచింది. తాళం అస్సలు పట్టుబడని వాళ్లకి శుక్రవారం అంటే అదనపు టెన్షన్. నాకు దొరికింది వేరు. నోటుబుక్కులో తప్పు చేస్తే ఎర్రసిరా పడేదాకా తెలిసేది కాదు, ఇక్కడ తప్పు అప్పుడే చెవిలో గుచ్చుకునేది.

పక్క క్లాసు నుంచి ఫిర్యాదు వెళ్లాక మా మకాం వేపచెట్టు కిందికి మారింది. నన్నడిగితే అదే నయం. తెలుగు మాస్టారు కూడా అప్పుడప్పుడు వచ్చి నిలబడేవారు. ఆయన చెప్పిన యగణం, మగణం వగైరా మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకో లెక్కల మాస్టారు తేల్చారు. ఒక్కో చోట లఘువో గురువో, రెండింట్లో ఒకటి, అలా మూడు చోట్ల. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు అనుకుంటే నాలుగు మాత్రల్ని ఐదు రకాలుగా నింపొచ్చు, ఐదింటిని ఎనిమిది రకాలుగా, ఆరింటిని పదమూడు. ముందు రెండూ కూడితే తర్వాతిది. ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి 1202లో తన పుస్తకం రాయడానికి సుమారు అర్ధశతాబ్దం ముందే జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు కోసం ఈ లెక్క వేశాడని కాలేజీకి వెళ్లాక చదివాను. నేను మాత్రం దాన్ని వేపచెట్టు కింద విన్నాను.

ఇక సంవత్సరం చివరి స్లిప్ టెస్టు. వాయింపుని ముగించే వరసే ముక్తాయింపు. అందులో ఒకే ముక్కని మూడుసార్లు వాయిస్తారు, మధ్యలో రెండు ఖాళీలు. ఆదితాళం ఒక ఆవర్తంలో క్రియకి, అంటే ఒక్కో దెబ్బకి, వేలికి, విసురుకి నాలుగు చొప్పున 32 మాత్రలు. మూడోసారి అయ్యాక వచ్చే దెబ్బ సరిగ్గా సమం మీద పడాలి. ముక్క x, ఖాళీ y అయితే 3x + 2y = 32. పూర్ణసంఖ్యల్లో ఒక జవాబు రాయమన్నారు. ఐదు మార్కులు. ముక్క 10, ఖాళీ 1 అని చాలామంది రాశారు. 8, 4 కూడా కుదురుతుంది. నాకేమో "తదిగిణతొం" అంటే ఇష్టం, అది ఐదు. పదిహేను పోతే పదిహేడు, దాన్లో సగం ఎనిమిదిన్నర. ప్రశ్నలో ఏమడిగారో మర్చిపోయి అదే రాసేశాను.

"ఈ అర మాత్ర ఎక్కడ దాచావురా?" అంటూ మాస్టారు నా పేపరు అందరికీ చూపించారు. క్లాసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను. ఆయన పేపరు బల్ల మీద పెట్టి, కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. తర్వాత మృదంగం ఒళ్లోకి లాక్కున్నారు.

"క్రియకి ఎనిమిది చేస్తే 64. అప్పుడు వీడి ఐదు పది, ఎనిమిదిన్నర పదిహేడు. తాళం వెయ్యండ్రా."

వేశాం. తదిగిణతొం... ఖాళీ. తదిగిణతొం... ఖాళీ. తదిగిణతొం. మా అరచేతులూ ఆయన దెబ్బా ఒక్కసారే పడ్డాయి.

పేపరు తిరిగొచ్చాక చూసుకుంటే నా జవాబు కింద ఎర్రసిరాతో ఐదుకి రెండున్నర.