188వ పిడుగు

మళ్లీ పోయింది. ఫైనల్ ఫాంటసీ పదో ఆటలో వరుసగా 200 పిడుగులు తప్పించుకోవాలి. 187 దాకా తప్పించుకుని 188వ పిడుగుకు నా హీరో టీడస్ నేలకరిచాడు. ఇంకో 13 తప్పించి ఉంటే జట్టులోని మంత్రగత్తె లులు ఆయుధానికి పూర్తి బలం రావడానికి కావలసిన వీనస్ సిజిల్ అనే ముద్ర నా చేతిలో ఉండేది. కంట్రోలర్‌ను సోఫా మీద పెట్టి (విసరలేదు, పెట్టాను) వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి వచ్చాను. టీవీలో టీడస్ ఏమీ ఎరగనట్టు లేచి నిలబడి ఉన్నాడు.

మొదటి ఫైనల్ ఫాంటసీ నుంచి వరుసగా ఆడుకుంటూ వస్తున్న నా బండి పదోదాని దగ్గర దిగబడి ఇది మూడో వారం. పోయినసారి రాసిన పనుల్లో మిగతావన్నీ అయిపోయాయి. చొకోబో పక్షుల పందెం 0:0.0 సమయంతో గెలవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మకలానియా అడవిలో సీతాకోకచిలుకలు ఆరో ప్రయత్నానికి దొరికాయి. బాజ్ గుడి నీళ్లలో గియోస్‌గేనో అనే రాక్షసిని చంపి లులు ఆయుధం ఆనియన్ నైట్‌ను తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ ఆయుధం లులు దగ్గర పస లేని బొమ్మగా పడి ఉంది. 1990లో వచ్చిన మూడో ఆటలో నలుగురు పిల్లలూ ఉల్లిపాయ వీరులుగానే బయలుదేరతారు. ఆ పేరు ఇక్కడ ఒక బొమ్మకు పెట్టారని గుర్తుపట్టినప్పుడు కలిగిన సంతోషం ఒకటి రెండు రోజులు నిలిచింది. తర్వాత మిగిలినవి పిడుగులే.

నేను ఆడుతున్నది 2016లో పీసీకి వచ్చిన రీమాస్టర్. అందులో దారిలో శత్రువులు ఎదురుపడకుండా చేసే మీట ఉంది, దాన్నే వాడుతున్నాను. స్టోలెన్ ఫెయిత్ గుహలో దెయ్యాలను చంపుతూ అదే పని చేసే కవచం కోసం రోజుల తరబడి తిరగడం నా దృష్టిలో భక్తి కాదు, పనిలేకపోవడం. ఆట వేగాన్ని నాలుగింతలు చేసే మీటను మాత్రం ముట్టుకోను. అది ఒప్పు, ఇది తప్పు అని గీత ఎక్కడ గీశావని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

పద్ధతి అందరికీ తెలిసిందే: పిడుగులు పడే థండర్ ప్లెయిన్స్ మైదానం దక్షిణ భాగంలో గుంత, అందులోకి దిగగానే మెరుపు, మీట నొక్కు, పైకి రా, మళ్లీ దిగు. నా చేతి వేగానికి ఒక్కో పిడుగుకు ఆరున్నర సెకన్లు పడుతోంది, అంటే 200కు దాదాపు 22 నిమిషాలు. తెర మీద లెక్క కనిపించదు. ఒక్కటి తగిలినా మళ్లీ ఒకటి నుంచి మొదలు.

మొదటి వారం 31 సార్లు ఆడితే ఒక్కసారి కూడా 20 దాటలేదు. వయసు మీద పడిందనుకున్నాను. తర్వాత అనుమానం టీవీ మీదకు మళ్లింది. ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, నా బొటనవేలూ తెరా రెండూ కనపడేలా పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీశాను. మెనూలో మీట నొక్కిన ఫ్రేము నుంచి ఆ తెల్లటి చేతి గుర్తు కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. పదిసార్లు తీసిన సగటు 55 ఫ్రేములు, అంటే 229 మిల్లీసెకన్లు! టీవీలో ఈ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ వెతికి పెడితే 30 ఫ్రేములకు, అంటే 125 మిల్లీసెకన్లకు దిగింది. తేడా 104. ఈ ఆట సెకనుకు 30 ఫ్రేములతో నడుస్తుంది కాబట్టి నేను ప్రతి పిడుగుకూ మూడు ఫ్రేములు వెనకబడి ఆడుతున్నానన్నమాట. ఆ గేమ్ మోడ్‌ను మెనూలో నాలుగు గదుల లోపల దాచిన కంపెనీ పేరు ఇక్కడ రాయను, రాస్తే ఇంకా నాలుగు మాటలు రాయాల్సి వస్తుంది. కంట్రోలర్‌ను వైర్‌లెస్‌గా వాడితే ఇంకో 3 ఫ్రేములు పెరుగుతోంది. పన్నెండు మిల్లీసెకన్లు పెద్ద తేడా కాదు. అయినా కేబుల్‌తోనే ఆడుతున్నాను, అది మనశ్శాంతి కోసం. నా కంట్రోలర్ డ్యుయల్‌షాక్ 4 మీటల్లో ఉన్న ఆ మెత్తదనం, నొక్కినట్టు వేలికి తెలిసే తీరు దాని తర్వాత వచ్చినవాటిలో నాకు దొరకలేదు.

గేమ్ మోడ్ పెట్టిన రోజే 64 వచ్చింది. ఇక రెండు రోజుల పని అనుకున్నాను. ఆ రోజుతో కలిపి పది రోజుల్లో పన్నెండు ప్రయత్నాలు. ఎన్నో పిడుగు తగిలిందో నోటు పుస్తకంలో రాసిన వరుస ఇది: 64, 21, 38, 91, 111, 52, 77, 141, 81, 131, 161, 61.

మొదట నిద్రను అనుమానించాను. సెలవులకు వచ్చిన మేనల్లుడి చేత 30 సెంటీమీటర్ల స్కేలు వదిలించుకుని రెండు వేళ్లతో పట్టుకున్నాను. సాయంత్రం సగటున 19 సెంటీమీటర్ల దగ్గర దొరికింది, రాత్రి పదకొండు దాటాక 26 దగ్గర. కిందికి పడే దూరం నుంచి సమయం లెక్కకడితే 197 మిల్లీసెకన్లు, 230 మిల్లీసెకన్లు. తేడా 33, సరిగ్గా ఆటలో ఒక ఫ్రేము. రాత్రి ఆట మానేశాను. అయినా సాయంత్రం ఆడిన ఆటలే 131 దగ్గరా 161 దగ్గరా పోయాయి. నా సిద్ధాంతం అక్కడ కూలిపోయింది.

అసలు సంగతి పట్టింది మేనల్లుడే. ఏడో తరగతి. స్కేలు ఆట అయిపోయాక ఊరికే పుస్తకం తిరగేస్తూ, "మామయ్యా, నువ్వు ఎప్పుడూ ఒకటి దగ్గరే అవుటవుతావేం?" అన్నాడు. తీసుకుని చూశాను. 21, 91, 111, 141, 81, 131, 161, 61. పక్కనే 52. పన్నెండింటిలో తొమ్మిది పదులు దాటిన వెంటనే!

లెక్క తప్పకుండా ఉండటానికి నేను ఒడిలో రెండు గిన్నెలు పెట్టుకుంటున్నాను. పది పిడుగులు కాగానే ఒక చింతపిక్క ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి. ఎడమచేత్తో తడిమి తీస్తున్నాను కదా, కళ్లు తెర మీదే ఉన్నాయి అని నమ్ముతూ వచ్చాను. వాణ్ణి పక్కన కూర్చోబెట్టి చూడమన్నాను. "పిక్క తీసేటప్పుడు కిందికి చూస్తున్నావు" అన్నాడు. చూడటం లేదన్నాను. ఫోనులో తీసి చూపించాడు. చూస్తున్నాను. గిన్నెలో పిక్క పడ్డ చప్పుడు వినగానే తల ఒకసారి ఇలా వంగి లేస్తోంది. అలా వంగినప్పుడల్లా తగలడం లేదు, గుంతలోకి ఇంకా దిగని సమయంలో వంగితే బతికిపోతున్నాను. అందుకే పదో, ఇరవయ్యో ఒడ్డెక్కి ఏదో ఒక పది దగ్గర మునుగుతున్నాను.

పిక్కలు తీసేసి, నోటితో లెక్కపెట్టడమూ మానేసి, ఫోనులో మొత్తం తీసి తర్వాత లెక్కపెట్టుకోవచ్చని కూర్చున్నాను. మొదటిసారి 118. రెండోసారి, ఈ సాయంత్రం, 187.

ఆ వీడియోను మూడుసార్లు చూశాను. 188 దగ్గర తల కదల్లేదు. వేలు మీట మీదే ఉంది. కానీ మెరుపు రెండుసార్లు వచ్చింది, ఒకదాని వెనకే ఇంకొకటి. మొదటిది తప్పించుకుని, ఊపిరి వదిలి, స్టిక్కు పైకి నెట్టేలోపు రెండోది. గుంత దగ్గర ఇలాంటి జంట పిడుగు అంతకుముందు నాకు ఒక్కసారి కూడా రాలేదు. వీడియోను మొదటికి తిప్పి, టీడస్ పాదాలు గుంత అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో 10వ పిడుగు దగ్గరా 180వ పిడుగు దగ్గరా టీవీ తెర మీదే స్కేలు పెట్టి కొలిచాను. మొదట 2 సెంటీమీటర్లు, చివర్లో 7. గెంతిన ప్రతిసారీ కాస్త కాస్త పక్కకు జరుగుతూ, నాకు తెలియకుండానే గుంత వదిలి ఆరుబయటకు వచ్చేశాను. అక్కడ మామూలుగా పడే పిడుగూ గుంత పిలిచిన పిడుగూ కలిసి వచ్చాయేమో. ఇది ఊహే. కానీ 118 దగ్గర పోయిన వీడియోలోనూ చివరికి అదే 6 సెంటీమీటర్లు చూశాక ఊహకు కాస్త బలం వచ్చింది.

అన్నట్టు ఇదే మైదానంలో జట్టులోని అమ్మాయి రిక్కు పిడుగులకు భయపడి కూలబడి ఏడుస్తుంది. చిన్నప్పుడు ఆమె మీదికి వచ్చిన రాక్షసి మీద అన్న ఉరుము మంత్రం వేస్తే అది గురి తప్పి ఆమెకే తగిలింది. ఆ అన్న పేరు కూడా బ్రదరే. 2001లో మొదటిసారి ఈ సిరీస్‌కు గొంతులు వచ్చింది ఈ ఆటతోనే, ఆ ఏడుపు వింటుంటే విసుగొచ్చేదని ఒకప్పుడు నేనే రాశాను. ఇప్పుడు ఆమె పక్కనే కూర్చోవాలనిపిస్తోంది.

ఇది అయ్యాక తొమ్మిదో ఆటకు ఒకసారి వెనక్కి వెళ్లాలి. వీవీ అనే పాత్ర తాడాటలో 1000 గెంతులు అక్కడ వదిలేసి వచ్చాను. ఆడిన రోజు 214 దగ్గర ఆపేసి దీని మీద ఎవరికి ఆసక్తి అనుకున్నాను. ఇప్పుడు చూస్తే పిడుగులకూ తాడుకూ కావలసింది ఒకే వేలు, ఒకే లయ. అదే ఆటలో 12 గంటల్లోపు చివరిదాకా పరుగెత్తి ఎక్స్‌కాలిబర్ 2 కత్తి తెచ్చుకునే పని మాత్రం నా వల్ల కాదు, ముందే చెబుతున్నాను. పన్నెండోదాంట్లో యాజ్‌మాట్ అనే రాక్షసి ప్రాణం 5 కోట్లకు పైనే, దానికి ఒక పండగ సెలవు కేటాయించాలి. అమ్మ ఈ సాయంత్రం గది గుమ్మం దగ్గర నిలబడి, "ఇంకా ఆ పిడుగులేనా నాన్నా?" అని అడిగింది. ఇంకా అవే.

మేనల్లుడు సోమవారం వాళ్ల ఊరికి వెళ్లిపోతాడు, కాబట్టి ఆదివారం ఉదయమే. రెండు గిన్నెలూ వాడి ఒళ్లో. పిక్క కదిపినా చప్పుడు రాకుండా గిన్నె అడుగున గుడ్డ వేస్తాను. ప్రతి 50కి వాడు నా భుజం తడతాడు, నేను గుంత వదిలి మైదానంలో పిడుగు పడకుండా కాపాడే స్తంభం కిందికి వెళ్లి నిలబడి, కళ్లు తుడుచుకుని, మళ్లీ అంచుకు 2 సెంటీమీటర్ల దూరం చూసుకుని దిగుతాను. ఆ దూరానికి గుర్తుగా టీవీ తెర మీద ఒక చిన్న టేపు ముక్క అంటించాను. అది కనిపిస్తే అమ్మ ఏమంటుందో చూడాలి.