కంచు దాకా చేరని శిల్పాలు

నల్లజాతి కళాకారులను మ్యూజియంలు గుమ్మంలోనే ఆపేశాయని తరచూ వింటాం. శిల్పులకైతే అంతకు ముందే, కంచు పోత పోసే కొలిమి దగ్గరే దారి మూసుకుపోయేది. అమెరికా నల్లజాతి శిల్పి అగస్టా సావేజ్ పనుల్లో ఎన్నో ఈరోజు కనిపించకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

సావేజ్ 1892లో ఫ్లోరిడాలో పుట్టింది. ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లో వేసవి కళాశాలకు 1923లో దరఖాస్తు చేస్తే, నల్లజాతి మనిషని తెలిశాక ఎంపిక కమిటీ కాదంది. ఆమె ఊరుకోకుండా పత్రికలకెక్కింది. తర్వాత హార్లెమ్‌లో ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో చిత్రకారుడు జేకబ్ లారెన్స్ ఒకడు.

1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆమె చేసిన శిల్పం 'ది హార్ప్'. ఎత్తు 16 అడుగులు. నల్లజాతి ప్రజలు తమ జాతీయగీతంగా పాడుకునే పాటే దానికి ప్రేరణ. పొడవాటి అంగీల్లో పన్నెండు మంది గాయకులు వరసగా ఎత్తు తగ్గుతూ నిలబడతారు, వాళ్లే హార్ప్ అనే నిలువు వీణకు తంతులు. వాళ్లను మోసే అడుగుభాగం దేవుడి చెయ్యి. చూడ్డానికి నల్లరాయిలా ఉండేది కానీ, అది రంగేసిన ప్లాస్టర్.

ప్లాస్టర్ అంటే సగం పని అయినట్టే. ముందు ఇనుప చట్రం మీద మట్టితో బొమ్మ చేస్తారు. దాని మీద ముక్కలుగా అచ్చు తీసి ప్లాస్టర్ పోస్తారు. కంచు కావాలంటే ఆ ప్లాస్టర్ నుంచి మళ్లీ అచ్చు తీయాలి, లోపల కొన్ని మిల్లీమీటర్ల మందాన మైనం పట్టించాలి, లోహం దిగడానికీ గాలి పోవడానికీ గొట్టాలు అమర్చాలి, వేడికి తట్టుకునే పూత వేసి మైనాన్ని కరిగించి తీసేయాలి, ఆ ఖాళీలో 1,100 డిగ్రీలు దాటిన కంచు పోయాలి. 16 అడుగుల బొమ్మ ఒక్క పోతలో రాదు. భాగాలుగా పోసి, అతికి, అతుకులు రాసి నునుపు చేయాలి. ఈ ఖర్చంతా పోతశాలకే. శిల్పి నైపుణ్యంతో అది తగ్గదు. తెల్లజాతి శిల్పుల్లో చాలామందికి ఆ డబ్బు కట్టే పోషకులో, నగరపాలక సంస్థో ఉండేవి. సావేజ్‌కు లేవు.

పోత పోయకుండా దాచుకోవడమూ కష్టమే. ఆరుబయట ప్లాస్టర్ వాన నీరు పీలుస్తుంది, ఆ నీరు గడ్డకట్టినప్పుడు పగులుతుంది. ప్లాస్టర్ లోపల ఆధారంగా పెట్టిన ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే బొమ్మ లోపలి నుంచే చీలుతుంది. ఇంటిలోపల పెట్టాలంటే అంత పెద్ద గది కావాలి, అద్దె కట్టాలి. ప్రదర్శన ముగిశాక 'ది హార్ప్'ను యంత్రాలతో కూలగొట్టేశారు. జనం అంతగా మెచ్చిన పనికి జరిగింది ఇది! అక్కడ జ్ఞాపికలుగా అమ్మిన చిన్న లోహపు ప్రతులూ, ఫొటోలూ మిగిలాయి.

సావేజ్ కంటే ముందు తరం నల్లజాతి శిల్పి ఎడ్మోనియా లూయిస్ సంగతి ఇంకోలా నడిచింది. ఆమె రోమ్‌లో చెక్కి 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనకు పంపిన 'క్లియోపాత్రా మరణం' పాలరాయి. చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఒక దశలో షికాగో దగ్గర ఓ పందెం గుర్రానికి సమాధిరాయి అయింది, ఎండావానల్లో అరిగింది. అయినా రాయి కనుక నిలిచింది. 1994లో స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియానికి చేరింది.

అందుకే మ్యూజియంలో ఆనాటి నల్లజాతి శిల్పుల పని దగ్గర ఆగినప్పుడు పేరుతో పాటు పదార్థమూ చదవండి. 'రంగేసిన ప్లాస్టర్' అని ఉంటే, దాన్ని ఎవరో పనిగట్టుకుని కాపాడారని అర్థం. కంచు అని ఉంటే, పోత పోసిన ఏడు చూడండి. శిల్పి చనిపోయాక పోసినదైతే ఉపరితలం మెరుగు, రంగు వేరేవాళ్ల నిర్ణయాలు. పరిమాణమూ చూడండి: 'ది హార్ప్' పేరుతో ఎక్కడ కనిపించినా అది ప్రతే తప్ప, 16 అడుగుల అసలు కాదు.