అన్న కారుకు కొత్త టైర్లు

మా అన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు టైర్లు ఎంచే పని నాకొచ్చింది. గాడుల్లోని అరుగుదల గుర్తుల దాకా రబ్బరు అరిగిపోయింది, అంటే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలింది.

అనంతపురంలో అడిగిన ప్రతి అంగట్లోనూ ‘ఎక్కువ కాలం వచ్చేవి వేయించుకోండి’ అన్నారు. నాకు ఒప్పలేదు. ట్రెడ్‌వేర్ అంకె, అంటే టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే అంకె, పెద్దదైతే టైరు నిదానంగా అరుగుతుంది, నిజమే. కానీ మామూలుగా అలాంటి గట్టి రబ్బరుకు పట్టు తక్కువ. మన జిల్లాలో వానే అరుదు కదా అంటారు. అసలు భయం అక్కడే. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, నూనె మీద తొలి వాన పడితే రోడ్డు జారుతుంది. వెనక చక్రాలతో నడిచే బలమైన కారుకు కడప-రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో ఆ పట్టే ప్రాణం. అందుకే తడిరోడ్డు మీద బాగా ఆగేవే తీసుకున్నాం, ఖరీదైనా సరే.

వెనకవి ముందువాటికంటే వెడల్పు కాబట్టి ముందూ వెనకా మార్చుకోవడం కుదరదు. తయారీ తేదీ కూడా చూశాను: టైరు పక్కన 1025 అని ఉంటే 2025లో పదో వారం. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు నాకొద్దు.

అన్నా, కొత్త టైర్లు కుదురుకునే దాకా, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మాత్రం బెంగళూరు హైవే మీద నిదానంగానే పో.