వానలు రాకముందే: బొమ్మల పెట్టె పని ఎంతవరకు వచ్చిందంటే

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే చెన్నైలో కాగితం మన మాట వినదు. అందుకే ఎండ ఉండగానే, పాత తెలుగు పత్రికల బొమ్మలు దాచుకున్న పెట్టెలన్నీ విప్పాను.

ఇన్నాళ్లూ బొమ్మలను పత్రికల వారీగా, సంవత్సరాల వరుసలో పెట్టేవాణ్ణి. ఇప్పుడు గీసిన చేతిని బట్టి విడదీస్తున్నాను. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు ఒక కట్ట. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలకు ‘చిత్ర’ అనే చిత్రకారుడు వేసినవి ఇంకొకటి. భేతాళ కథలకు శంకర్ గీసినవి మూడోది. బాపు బొమ్మలకు వేరే పెట్టె. పక్కపక్కన పరిస్తే తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. శంకర్ చెట్టునో స్తంభాన్నో గీయకుండా ఖాళీ వదలడానికి ఇష్టపడడు. బాపు ఆ ఖాళీతోనే సగం పని చేయిస్తాడు. పాపయ్య దగ్గర నా చూపు ముందు చీర మడతల మీదికే పోతుంది, ముఖం తరువాతే.

చందమామ సంచికలు వడపళనిలోని బి.ఎన్.కె. ప్రెస్సులో అచ్చయ్యేవి. నా అద్దె ఇల్లూ ఆ పేటలోనే. పుట్టిన చోటే ముసలివవుతున్న కాగితాలు ఇవి. చవక కాగితంలో చెక్క గుజ్జు ఎక్కువ. అందులోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకూ గాలికీ పసుపెక్కి, అంచుల నుంచి పెళుసవుతుంది. దాన్ని ఆపలేం, నెమ్మదింపజేయగలం. పీవీసీ ప్లాస్టిక్ తొడుగులు తీసేసి పాలియెస్టర్‌వి వేశాను. పీవీసీ కాలక్రమంలో జిగటగా మారి సిరాను లాగేస్తుంది. వెనుక ఆమ్లం లేని అట్ట పెట్టాను. తుప్పు పట్టిన పిన్నులను పలచటి కత్తితో వంచి తీసి, అవే రంధ్రాల్లో నూలు దారం కుట్టాను. పెట్టెకు రెండు సిలికా జెల్ పొట్లాలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మళ్లీ ఆరబెట్టాలి. సెల్లో టేపు మాత్రం ఎవరేం చెప్పినా దగ్గరికి రానివ్వను.

స్కానింగు 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో, నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా చేస్తున్నాను. చందమామ పేజీ ఏ4 స్కానరులో హాయిగా పడుతుంది. పలచటి పేజీలకు వెనుక నల్ల కాగితం పెడితే అవతలి వైపు అక్షరాలు తొంగిచూడవు. అచ్చు చుక్కల వల్ల తెర మీద చారలు వస్తే స్కానరులోని డీస్క్రీన్ మీటతో పోగొట్టవచ్చు. కానీ అసలు ప్రతిని చుక్కలతో సహా అలాగే దాచి, చూసుకునే నకలుకే ఆ సవరణ చేస్తాను. కాగితాన్ని తెల్లగా కడిగేసి, రంగులు భగ్గుమనిపించి పంచుకునే స్కానులు నాకు గిట్టవు. పాపయ్య రంగులు ప్రెస్సు దాటి మనదాకా ఎలా వచ్చాయో తెలియాలంటే ఆ చుక్కలే సాక్ష్యం.

భూతద్దం ఎందుకు కొన్నావని ఇంట్లో అడిగారు. దాని ఖరీదు ఒక్క ఆదివారంలో తిరిగొచ్చింది. తిరువల్లికేణి పాతపుస్తకాల బారులో ఒకాయన రవివర్మ లక్ష్మిని చూపి, 1894లో పెట్టిన రవివర్మ ప్రెస్సుదేనన్నాడు. పదింతలు పెంచి చూస్తే నాలుగు రంగుల చుక్కలు సమాన దూరంలో, పువ్వు రేకుల్లా గుండ్రంగా చేరి ఉన్నాయి. అది తరువాతి కాలపు ఆఫ్‌సెట్ అచ్చు. రాతి మీద చేతితో చుక్కలు పెట్టి తీసిన పాత ఓలియోగ్రాఫులో చుక్కలకు అంత క్రమశిక్షణ ఉండదు. ఒకచోట గుబురుగా, ఒకచోట పలచగా పడతాయి. బొమ్మ బాగుంది, ధరే బాగాలేదు. దండం పెట్టి వచ్చేశాను.

మిగిలింది బాపు పెట్టె. వారపత్రికల పేజీలు కొన్ని ఏ4 దాటిపోతున్నాయి కనుక రెండు భాగాలుగా స్కాన్ చేసి కలపాలి. తరువాత గోడకు ఒక పాపయ్య ముఖచిత్రం. అసలుది కాదు, దాని నకలే. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు అట్ట ఉండాలని ఫ్రేములవాడికి ముందే చెప్పాను. ఏ ముఖచిత్రమన్నది ఇంకా తేలలేదు. నా ఓటు నెమలి ఉన్నదానికి, మా ఆవిడది దీపాల బొమ్మకు.