తల్లితో సహా చేర్చుకోవాలి

ప్రాణం మీదికి వచ్చేంతగా బరువు పెరిగిన పిల్లల విషయంలో ప్రభుత్వం కలుగజేసుకోవచ్చునా, కలుగజేసుకుంటే బిడ్డను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుపోయేదాకా వెళ్లవచ్చునా అన్న ప్రశ్న ఒడిశాలోని మా బరంపురంలో ఇంకా ఎవరి నోటా వినపడదు. అమెరికాలో మాత్రం 2011లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఆ ఏడాది జులైలో లిండ్సే ముర్టా, డేవిడ్ లుడ్విగ్ అనే ఇద్దరు జామా వైద్య పత్రికలో వ్యాసం రాస్తూ, మిగతా మార్గాలేవీ పనిచేయని అతి తీవ్రమైన సందర్భాల్లో బిడ్డను కొంతకాలం వేరే కుటుంబం సంరక్షణలో ఉంచడం నైతికంగా సమర్థనీయం కావచ్చునని వాదించారు. కొన్ని నెలలకే ఒహాయో రాష్ట్రంలో తొంభై కిలోలు దాటిన ఎనిమిదేళ్ల బాలుణ్ణి అధికారులు తల్లి నుంచి వేరు చేశారు. బరువు తగ్గాక, మరుసటి ఏడాది అతడు మళ్లీ తల్లి దగ్గరికే చేరాడు.

ప్రభుత్వం కలుగజేసుకోవలసిందేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే ఆ పని తల్లినీ బిడ్డనూ కలిపి ఆసుపత్రిలో చేర్చుకోవడంతో మొదలు కావాలి. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు, బక్కచిక్కిన పిల్లల కోసం మన ప్రభుత్వాలే ఏళ్లుగా దీన్ని నడుపుతున్నాయి. అంగన్‌వాడీలో ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బకు కొలత పట్టీ చుట్టి చూస్తారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే పట్టీలో ఎరుపు కనబడుతుంది, ఆసుపత్రి వైద్యం అవసరమైన బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు. అక్కడ సుమారు రెండు వారాలు తల్లి కూడా బిడ్డతోనే ఉంటుంది, ఆమెకు భోజనం పెడతారు, పోయిన కూలికి బదులు కొంత డబ్బు ఇస్తారు, బిడ్డకు ఏం పెట్టాలో దగ్గరుండి వండించి చూపిస్తారు. బిడ్డ ఆ స్థితికి వచ్చినందుకు తల్లిని దోషిగా నిలబెట్టాలని ఎవరూ అనరు. అదే పట్టీని బాగా లావుగా ఉన్న బిడ్డ జబ్బకు చుడితే అది పచ్చరంగు దాటి ఎంత దూరం పోయినా ఏ హెచ్చరికా చూపించదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేయడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు బడులకు కూడా వస్తాయి కానీ, అప్పుడు ప్రకటించిన 30 ఆరోగ్య సమస్యల జాబితాలో తీవ్ర పోషకాహార లోపానికి, రక్తహీనతకు, మెడ ముందు భాగం వాచే గాయిటర్‌కు ఉన్న చోటు ఊబకాయానికి లేదు.

ఒడిశాలో ఇంత ఆకలి ఉండగా లావు పిల్లల గొడవ ఎందుకని అడిగేవారి మాటను నేను తీసిపారేయను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనివారే. అయితే అదే సర్వే దేశం మొత్తం మీద అధిక బరువున్న చిన్నపిల్లల వాటా అంతకు ముందటి 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగిందని కూడా చెప్పింది. ఈ రెండు సమస్యలూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో కనబడుతున్నాయి.

నేను తెలుగు పిల్లలు ఎక్కువగా వచ్చే బడిలో పాఠాలు చెబుతాను. మా ఐదో తరగతిలో ఒక పిల్లవాడు రెండో పీరియడు కాగానే కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోతాడు. నోరు తెరుచుకుని గురక పెడతాడు, ఆ గురక హఠాత్తుగా ఆగుతుంది, పక్కనున్న పిల్లలు అతని వైపు చూసేలోగా ఉలిక్కిపడి పెద్దగా ఊపిరి లాగుతాడు. రాత్రంతా ఇంట్లో జరిగేది ఇదే కనుక పగలు కళ్లు మూతలు పడుతున్నాయి. అతని బరువు 68 కిలోలు. మెడ వెనక చర్మం నల్లబడి మందంగా, గరుకుగా తయారైంది. అది మట్టి అనుకుని వాళ్లమ్మ సున్నిపిండితోనూ నిమ్మచెక్కతోనూ చర్మం మండేదాకా రుద్దుతోంది. ఎంత రుద్దినా అది పోదు, ఎందుకంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని, మధుమేహం వచ్చే ముప్పు ఉందని చెప్పే గుర్తు అది. ఆమె ఇంటి దగ్గరే అప్పడాలు ఒత్తుతుంది. ఎన్ని ఒత్తితే అంత కూలి, ఆసుపత్రి వరుసలో ఒక రోజు నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే.

పిల్లవాడి బరువు సంగతి ఎత్తగానే నానమ్మ నన్ను వారించింది. ‘‘మాస్టారూ, పిల్లడి మీద నోరు పెట్టకండి, దిష్టి తగులుతాది. మా ఇంట్లో పుల్లల్లాంటి పిల్లల్నే చూశాం, వీడొక్కడే ఒళ్లు చేశాడు’’ అంది. ఒకప్పుడు కడుపునిండా అన్నం దొరకని మనిషి కంటికి బొద్దుగా ఉన్న మనవడు ఇంటి భాగ్యంలాగే కనబడతాడు. ఆ మాటలో అజ్ఞానం కన్నా ప్రేమే నాకు ఎక్కువగా వినిపించింది. అలాంటి ఇంటికి పోలీసును వెంటబెట్టుకుని వెళ్లే అధికారి ఆ బిడ్డకు మేలు చేయగలడని నేను అనుకోను.

పైగా నేరం ఎవరిదో తేల్చడం మనం అనుకున్నంత సులభం కాదు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోను పుట్టుకతోనే లేని పిల్లలుంటారు. ప్రాడర్-విల్లీ అనే జన్యు సమస్య ఉన్న పిల్లలు పసికందులుగా పాలు కూడా సరిగా తాగలేరు, కొన్నేళ్లు గడిచాక ఎంత తిన్నా ఆకలి తీరదు. ఇవి అరుదే, కానీ తీవ్ర ఊబకాయం ఉన్న చిన్నపిల్లల్లోనే వీటిని ముందు వెతకాలి. 2015లో గుజరాత్‌కు చెందిన ఒక నిరుపేద తండ్రి, మితిమీరి బరువు పెరిగిన తన చిన్నపిల్లల ఆకలి తీర్చడానికి, వారి వైద్యానికి కిడ్నీ అమ్ముకుంటానన్న వార్త దేశమంతా చదివింది. రక్తపరీక్ష, జన్యుపరీక్ష చేయించకుండా అలాంటి తండ్రిని నిర్లక్ష్యం కింద బోనెక్కించడం అన్యాయం.

చట్టం లేదనడానికి లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లా బాలల సంక్షేమ సమితి, బిడ్డ క్షేమాన్ని చూడలేని తల్లిదండ్రులున్నారని తేలితే ఆ బిడ్డను రక్షణ అవసరమైన బిడ్డగా పరిగణించవచ్చు. అయితే బిడ్డను బాలల గృహం లాంటి సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలని అదే చట్టం మూడో సెక్షనులో రాసి ఉంది. బాలల గృహంలో హార్మోన్ల సమస్యలు చూసే ఎండోక్రైన్ వైద్యుడు ఉండడు, నిద్రలో ఊపిరి ఆగే పిల్లవాడికి గాలి అందించే యంత్రం ఉండదు. కుటుంబానికి దూరమైన దిగులు మాత్రం అదనంగా చేరుతుంది.

ఇంటి బయట సంగతి కూడా చెప్పాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపునా అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. మా గేటు పక్క దుకాణంలో ఐదు రూపాయల పొట్లాలు తోరణాల్లా వేలాడుతూనే ఉన్నాయి. ఈ ఒక్క నిబంధనను అమలు చేయలేని యంత్రాంగానికి తల్లిని శిక్షించే నైతిక బలం ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి నేను కోరేది ఇది. పోషకాహార పునరావాస కేంద్రాల తరహాలోనే, పిల్లల వైద్యనిపుణులున్న జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో తీవ్ర ఊబకాయం ఉన్న పిల్లలకు కొన్ని మంచాలు కేటాయించాలి. ఐదేళ్ల పరిమితి పెట్టకూడదు, తల్లికి కూలి భర్తీ ఇవ్వాలి, హార్మోన్ల పరీక్షలు ఉచితంగా చేయాలి. బడిలో టీచరు రాసిచ్చిన చీటీతోనే చేర్చుకోవాలి. సరిహద్దు జిల్లాల్లో మరొక అవసరం కూడా ఉంది. ఒక ఆసుపత్రిలో మా పిల్లవాడి తల్లి చేతికి ఇచ్చిన ఆహార పట్టిక పూర్తిగా ఒడియాలో ఉంది. ఆమె ఒడియా మాట్లాడగలదు కానీ చదవడం రాదు. ఇంట్లో వంట చేసే నానమ్మకు అదీ రాదు. పర్లాకిమిడిలోనూ రాయగడలోనూ ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తెలుగులో చెప్పగల ఆశా కార్యకర్త వారానికొకసారి ఆ వంటింట్లోకి వెళ్లి నూనె డబ్బా ఎన్నాళ్లకు ఖాళీ అవుతోందో చూడాలి.

ఇంత సాయం అందించిన తర్వాత కూడా, ఊపిరి ఆగిపోతున్న బిడ్డకు వైద్యం చేయించడానికి పెద్దలు పదేపదే నిరాకరిస్తే, అప్పుడు బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఇచ్చి తీరాలి. ఆ ఉత్తర్వు గడువుతో కూడిన వైద్యం కోసం కావాలి, తల్లి రోజూ వచ్చి చూసుకునే వీలుండాలి, బిడ్డ ఏ తేదీన ఇంటికి తిరిగి వెళతాడో మొదటి కాగితంలోనే రాసి ఉండాలి.