టిప్పర్లతో తీరే పూడిక కాదు

జలాశయం అడుగంటిన ప్రతి వేసవిలోనూ నన్ను అడిగే మాట ఒకటే: "ఇప్పుడే పూడిక తీసేయొచ్చు కదా?" పూడిక కొలిచే సర్వేనే నా ఉద్యోగం మరి. చెరువుకైతే ఆ మాట నిజం. పెద్ద డ్యాముకు లెక్క వేరు.

తుంగభద్రనే చూడండి. 1953లో కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 దాకా పడుతోంది. తగ్గిన 28 టీఎంసీలంటే దాదాపు 79 కోట్ల ఘనపు మీటర్లు. టిప్పరుకు పది ఘనపు మీటర్ల చొప్పున రోజుకు వెయ్యి ట్రిప్పులు తోలినా రెండు వందల ఏళ్లు దాటుతుంది. ఈలోపు నది ఊరుకోదు, ఏటా కొత్త మట్టి తెస్తూనే ఉంటుంది. తీసిన మట్టి ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి.

పూడికంతా డ్యాం గోడ కిందే, డెడ్ స్టోరేజీలోనే (తూములకు అందని అడుగు నీటి చోటులోనే) చేరుతుందని చాలామంది నమ్మకం. పడవలో ఎకో సౌండర్‌తో, అంటే శబ్ద తరంగాలు పంపి లోతు కొలిచే పరికరంతో తిరిగితే అసలు సంగతి తెలుస్తుంది. నది జలాశయంలోకి దిగే చోటే ప్రవాహం నెమ్మదించి ఇసుక పడిపోతుంది, మనం వాడుకునే నీటి చోటునే ముందు తినేస్తుంది. గోడ దాకా వచ్చేది సన్నటి బంక. అక్కడ తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి. ఒక తరంగం మెత్తటి బురద పైనుంచే తిరిగొస్తుంది, రెండోది దాన్ని దాటి గట్టి అడుగును తాకి వస్తుంది. ఆ రెండు గీతల మధ్య ఉన్నదంతా బురదే. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అందుకే మట్టిని పేరుకోకముందే సాగనంపాలంటాను. ఏడాది మట్టిలో ఎక్కువ భాగం కొద్దిరోజుల వరదలోనే వస్తుంది. అప్పుడు నీటిమట్టం తక్కువగా ఉంచి అడుగు గేట్లు తెరిస్తే చాలావరకు నీటితోపాటే వెళ్లిపోతుంది. తర్వాత వానలు పడకపోతే ఎలా అన్న టెన్షన్ నాకూ అర్థమవుతుంది. వరద అంచనాలు మెరుగయ్యాయి కాబట్టి, చివరి వరదలతో నింపుకోవచ్చన్న ధీమా ఉన్న చోటైనా ఇది చేయాలి. ఎండాకాలంలో బురదనంతా ఒక్కసారిగా వదలడం మాత్రం తప్పు, దిగువన చేపలు ఊపిరాడక చస్తాయి.

పాత డ్యాముల్లో చాలావాటికి అడుగు గేట్లు లేవు, పై గేట్ల నుంచి పోయేది తేట నీరే. అలాంటి చోట తూముల ముందు, పవర్‌హౌస్ దగ్గర డ్రెడ్జింగ్ (నీటి అడుగు మట్టిని యంత్రాలతో తోడడం) చేయిస్తే ఆ ఖర్చుకు ఫలితం ఉంటుంది. చైనాలో పసుపు నదిపై సాన్‌మెన్‌షియా డ్యాము 1960లో నింపడం మొదలుపెట్టగానే పూడుకుపోసాగింది. నిర్మాణ సమయంలో వాడి కాంక్రీటుతో మూసేసిన అడుగు తూములను 1970ల మొదట్లో మళ్లీ తవ్వి తెరిచారు. కొత్తగా కట్టే ప్రతి డ్యాము డ్రాయింగులో నేను మొట్టమొదట వెతికేది ఆ తూములనే.